పెద్దవ్వ లేని పత్తిచేను

కొన్నాళ్లుగా మంచం మీదున్న పెద్దవ్వ మొన్న తెల్లారకముందే పోయిందని ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. ఆమె మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. అవ్వ పోయాక నన్ను పెంచింది ఆమే. కరీంనగర్ నుంచి బస్సులో కాగజ్‌నగర్, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరాను. చేరాను గానీ ఆమెకు పిడికెడు మన్ను వేయలేదు. సిగ్గు విడిచి మీకు చెబుతున్నాను, ఆమెను పూడ్చిన చేను గట్టు దగ్గరే ఆగిపోయాను.

ఆ చేను మాదే, అడవిని ఆనుకొని ఉంటుంది. కొన్నేళ్ల కిందట దసరా సెలవులకు వచ్చి పెద్దవ్వతో పత్తి ఏరుతుంటే పులి వచ్చింది. మా కళ్లముందే గట్టున కట్టేసిన ఎద్దు మెడ పట్టింది. ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం, ఒకటే చూశాం, ఒకటే విన్నాం. ఊళ్లోకి ఎలా పరుగెత్తామో ఇద్దరికీ గుర్తులేదు.

పులి వెనక నుంచే మీద పడుతుందని, అటవీశాఖ వాళ్లు తల వెనక కట్టుకోమని మనిషి మొహం ఉన్న మాస్కులు పంచారు. వారం తిరగకముందే పెద్దవ్వ అది కట్టుకొని చేలోకి పోయింది. "ఏమే, నా ముందటి మొకంకంటె ఎనుకటిదే సక్కగున్నది గదా!" అని కూలోళ్లను నవ్వించింది. నేను మాత్రం ఆ దారి పట్టడమే మానేశాను.

"ఇద్దరం ఒక్కతాన్నే ఉంటిమి. నేను పోతున్న, నీకెందుకు కాళ్లు వస్తలేవే?" అని అడిగింది ఓ రోజు. అప్పుడు నేను పీజీలో సైకాలజీ చదువుతున్నాను, ఇక ఆగుతానా! మెదడులో బాదంగింజంత ముద్ద ఒకటి ఉంటుందని, ఆపదను గుర్తుపెట్టుకొని గంట కొట్టేది అదేనని చెప్పాను. 'అది అయిపోయింది, ఇప్పుడేం లేదు' అని దాన్ని సముదాయించేది నుదుటి వెనకాల భాగమని, ఆ సముదాయింపు కొందరిలో తొందరగా పనిచేస్తుందని, కొందరిలో చెయ్యదని చెప్పాను. కొంత పుట్టుకతో, కొంత పడ్డ బాధలతో, కొంత నిద్రతో అది మారుతుందని, ధైర్యం, పిరికితనం అనేవి మనం పెట్టుకున్న పేర్లేనని ఉపన్యాసం దంచాను.

"గదంతా తెలిసినదానివి, జర నీ గింజకు గూడ చెప్పరాదూ!" అంది పెద్దవ్వ. మళ్లీ తనే, "నాకు గూడ భయం పోలే బిడ్డా. పక్కకు జరిగి కూసున్నది, గంతే" అంది. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో నేను చెప్పే పాఠం కూడా ఇంచుమించు అదే. నేర్చుకున్న భయం చెరిగిపోదు, దాని మీద ఇంకో నేర్పు పరుచుకుంటుంది.

ఆ సెలవుల్లో రోజూ నా చెయ్యి పట్టుకొని తీసుకెళ్లేది. మొదట గట్టు దాకానే. అక్కడే కూర్చొని జొన్నరొట్టె తుంచి పెడుతూ "గింత మొండిదాన్ని సూత్తె పులే పరేషాన్ అయితది" అనేది. తర్వాత చేలోకి కాస్త, ఇంకాస్త. సెలవులు అయిపోయేసరికి ఆమె చెయ్యి పట్టుకొని చేనంతా తిరిగాను. నయమైపోయిందని సంబరపడ్డాను. తర్వాత క్లాసులో నన్ను నేనే ఉదాహరణగా చెప్పుకున్నాను కూడా. ఊరికి వచ్చినప్పుడల్లా ఆమెతో చేలోకి పోయేదాన్ని. ఒక్కదాన్నే ఎన్నడూ పోలేదన్న సంగతి మాత్రం గమనించుకోలేదు.

మొన్న డప్పుల వెనక అందరితో నడిచాను. గట్టు రాగానే కాళ్లు ఆగిపోయాయి. పులి లేదు, ఊరంతా ఉంది, పాడె చేలోకి పోతోంది. "రా బిడ్డా, ఆఖరి సూపు గదా" అని పక్కింటామె పిలిచింది. కదల్లేకపోయాను. నా మెదడు నేర్చుకున్నది చేను భద్రమని కాదు, పెద్దవ్వ పక్కనుంటే భద్రమని. ఇలా జరుగుతుందని పుస్తకాల్లో ఉంది, పిల్లలకు చెప్పేదీ నేనే. అయినా పెంచిన మనిషిని మట్టిలో పెడుతుంటే దూరంగా నిలబడ్డాను. తప్పు మెదడు మీదికి నెట్టేయడానికి కూడా సిగ్గేస్తోంది. తల కొట్టేసినట్టుంది.

వాళ్లకంటే ముందే ఇంటికొచ్చి వాకిట్లో నీళ్లు పెట్టాను. మట్టికి పోయినవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కొని లోపలికి వెళ్తున్నారు. అన్న అందరికంటే వెనక వచ్చాడు. నేను తలెత్తలేదు.

"తప్పైంది అన్నా. పెద్దవ్వకు మన్నెయ్యలే" అన్నాను.

"ఏసిన చెల్లె. నాది ఏసి, నీది గూడ ఏసిన." నీళ్ల దగ్గరికొచ్చాడు. "మంచంల ఉన్నప్పుడే చెప్పింది అవ్వ. 'నేను లేకుంటె పిల్ల చేన్లకు రాలేదురా. దాన్ని గుంజకుండ్రి, ఒక్క మాట అనకుండ్రి. దాని మన్ను గూడ నువ్వే ఎయ్యి' అన్నది."

చేతులు చాపాడు. చెంబుతో నీళ్లు పోశాను. చేను నల్లమన్ను అతని వేళ్ల సందుల్లోంచి కరిగి, నా పాదాల మీదుగా పారింది.