అత్తయ్య కూర్చున్న సీటు

2012 చలికాలం. మేం డెన్వర్‌లో ఉండేవాళ్లం. కొత్తగా కొన్న పికప్ ట్రక్ సత్తా చూపిస్తానంటూ మావారు నన్నూ, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యనూ ఎక్కించుకుని, కొండ దగ్గర రోడ్డు దిగి మంచులోకి పోనిచ్చారు. వద్దండీ అంటే వింటేగా! వంద గజాలు వెళ్లకుండానే చక్రాలు పూర్తిగా కూరుకుపోయాయి.

ఫోన్ చేస్తే ఆయన ఫ్రెండ్ జీప్‌లో వచ్చాడు. జీప్ వెనక ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండుకీ, మా ట్రక్ ముందు భాగానికీ తాడు కట్టాడు. నేను దిగి దూరంగా నిలబడ్డాను.

"చలిగా ఉంది, లోపలే కూర్చో అమ్మా" అన్నారు మావారు స్టీరింగ్ పట్టుకుని.

"నాకు భయంగా ఉందిరా" అంటూ అత్తయ్య పక్కసీట్లోంచి దిగి నా దగ్గరికి వచ్చేశారు.

జీప్ ఒక్కసారిగా లాగింది. తుపాకీ పేలినట్టు చప్పుడు! ఇనుప గుండు విరిగి, బిగిసిన తాడు విసురుకి ట్రక్ ముందు అద్దం పగలగొట్టుకుంటూ లోపలికి దూసుకెళ్లి, అత్తయ్య తల ఆనించిన చోట సీటును చీల్చేసింది.

మావారు నుదుటి మీద నెత్తురు తుడుచుకుంటూ దిగి, "అద్దానికి ఇన్సూరెన్స్ ఉందిలే" అన్నారు.

చెంప మీద లాగి ఒక్కటిచ్చాను. నా చెయ్యి మండిపోయింది. కన్నతల్లి ముందే కొట్టానని గుర్తొచ్చి, బెదురుగా అత్తయ్య వైపు చూశాను.

ఆవిడ చీలిపోయిన సీటు వైపు ఓసారి చూసి, "నా తరఫున ఇంకోటి వెయ్యమ్మా" అన్నారు.

అత్తయ్య మాట నేనెప్పుడూ కాదనలేదు. ఆ రోజూ కాదనలేదు.