కొసరు బాబాయి గొంతు

కొసరు బాబాయికి ఒక్కటే జబ్బు. కాగితం మీదున్న మాటను ఉన్నట్టు చదివి ఊరుకోలేడు. చివర తన మాట ఒకటి తగిలించాల్సిందే. ఆయన డబ్బింగ్ కళాకారుడు కాబట్టి జబ్బు ఆయనదైనా బాధంతా సౌండింజనీరమ్మది. అద్దం ఇవతల కూర్చుని ఆరేళ్ళుగా "మళ్ళీ!" అని అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

"'బయటికి పో' అని రాసుంది బాబాయ్. 'గొడుగు పట్టుకెళ్ళు' అని ఎందుకన్నారు?"

"బయట వానమ్మా. తెర మీద కనపట్టంలా?"

"విలన్ వాణ్ణి గెంటేస్తున్నాడు!"

"గెంటితే గెంటాడు. వాడికి జ్వరమొస్తే?"

ఫోన్‌లోనూ అంతే. "రాంగ్ నంబరండీ" అని పెట్టేయడు. "భోంచేశారా?" అని కూడా అడుగుతాడు.

ఆ ఏడు ఒక తమిళ సినిమా డబ్బింగుకొచ్చింది. భక్తి పేరు చెప్పి జనాన్ని నిలువునా ముంచే స్వామి కథ. ఆ దొంగస్వామికి బాబాయే గొంతిచ్చాడు. ఇంజనీరమ్మ మాత్రం పళ్ళు నూరుకుంటూ పనిచేసింది. ఆవిడ సొంత అక్క అచ్చం అలాంటి స్వామి మాట పట్టుకుని మూడు వారాలుగా బీపీ మాత్రలు మానేసింది. ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడు. చెల్లెలు ఏడ్చింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది. "పాపం, నీకు నమ్మకం లేదే" అని అక్కే జాలిపడింది. ఈ సంగతి స్టూడియో అంతటికీ తెలుసు.

సినిమా చూసైనా అక్క నమ్మిన స్వామి మనుషులు సిగ్గుపడతారని ఇంజనీరమ్మ పిచ్చి ఆశ. సిగ్గు సంగతి దేవుడెరుగు, సినిమా విడుదలవగానే ఆ స్వామి మేనేజరే స్టూడియోకి వచ్చాడు.

"సినిమాలో గొంతు అచ్చం మా స్వామివారిదేనండీ! ఎవరిది?"

లోకంలో జబ్బులన్నీ చేత్తో తడిమి తగ్గించే స్వామికి గొంతు పూడుకుపోయిందట. డాక్టరిచ్చిన మందులు వేళకు మింగుతూ మౌనంగా ఉన్నారట. భక్తులకు వినిపించడానికి ఆ గొంతుతో ఒక సందేశం కావాలట.

బాబాయి సరేననేశాడు. "మీరు కూడానా బాబాయ్?" అంది ఇంజనీరమ్మ. ఆయన కాగితం అందుకుని మైకు ముందు కూర్చున్నాడు. మేనేజరు మొదటి వాక్యం విని, చెంపలు వేసుకుని, ఫోన్ మోగితే బయటికి పోయాడు.

కాగితంలో "మందులు వదలండి, నన్ను పట్టుకోండి" అని ఉంది. బాబాయి గంభీరంగా అందుకున్నాడు.

"మందులు వదలండి అని ఎవరైనా అంటే ముందు వాళ్ళని వదలండి. పొద్దున్నే మాత్ర వేసుకున్న వాళ్ళకే నా దర్శనం."

ఇంజనీరమ్మ అలవాటుగా నోరు తెరిచింది. తెరిచి, మూసుకుంది. 'మళ్ళీ' అనలేదు. ఆ రికార్డింగే మేనేజరు చేతిలో పెట్టింది.

మర్నాడు మేనేజరు నిప్పు తొక్కినవాడిలా ఊడిపడ్డాడు. "హాలు నిండా జనం విన్నారు! ఇప్పుడు నన్నేం చెప్పమంటారు?"

"స్వామివారు తప్పు మాట్లాడారని చెప్పండి. క్షమాపణ కూడా చెప్పండి," అన్నాడు బాబాయి.

మేనేజరు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. వెనకే అక్క ఫోన్.

"మాత్ర వేసేసుకున్నానే! స్వామివారే చెప్పారు. చూశావా ఎంత దయో! అలాంటి మహానుభావుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టావు."

అక్క బతికి బట్టకట్టినందుకు సంతోషించాలో, ఆ స్వామి మహానుభావుడైనందుకు తల బాదుకోవాలో ఇంజనీరమ్మకు తెలియలేదు. ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడే చెప్పేస్తా బాబాయ్, ఆ మాట మీదేనని!"

"చెప్పకమ్మా," అన్నాడు కొసరు బాబాయి. "నాదని తెలిస్తే మళ్ళీ మానేస్తుంది."