వెండిరంగు పూసిన గొడుగు

మా మధురవాడ అపార్ట్‌మెంటు గేటుకి ఇవాళ పొద్దున్నుంచీ వెండిరంగు వేస్తున్నారు. ఆ వాసన లిఫ్టు కోసం ఆగకుండా నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చి, తలుపైనా తట్టకుండా లోపలికి దూరి, నన్ను చెవి పట్టుకుని పోర్టు దగ్గరి మా పాత డాబా మీదికి ఈడ్చుకుపోయింది.

మా నాన్న అప్పలరాజు పోర్టులో ఓడలకి తుప్పు గీకి రంగులు వేసేవాడు. సముద్రపు ఉప్పుగాలి ఆయనకి దాయాది. దాని మీద కక్షతో ఏటా ఎండాకాలం రాగానే గేటు, కిటికీ ఊచలు, నీళ్ళ డ్రమ్ము, మడతమంచం కాళ్ళు, చివరికి మామ్మ చేతికర్ర పొన్నుకి కూడా వెండిరంగు పూసేసేవాడు. మా పిల్లి ఒకేచోట నిద్రపోవడం మానేసింది అందుకే. వెన్నెల్లో మా ఇంటి తళతళ చూసి ఓడలు లైట్‌హౌసుని వదిలేసి మా వీధివైపు తిరుగుతున్నాయని నేను బళ్ళో చెబితే సగంమంది నమ్మారు, మిగతా సగం చూడ్డానికి వచ్చారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మామ్మకి తుంటి విరిగింది. అప్పటిదాకా చందనోత్సవమంటే ముందురోజే సింహాచలం కొండెక్కి క్యూలో నిలబడేది. ఏడాదంతా చందనం కింద దాగుండే అప్పన్న నిజరూపంతో కనబడేది ఆ ఒక్కరోజే మరి. దిగేటప్పుడు కొంగులో పనసతొనలు, సంపెంగలు మూటగట్టుకొచ్చేది. మర్నాటిదాకా మా ఇంట్లో చారు కూడా సంపెంగ వాసనే వేసేది.

మంచం పట్టిన తల్లికి నాన్న మాటిచ్చాడు. "కొండని ఇంటికే తెత్తానమ్మా." తెచ్చాడు కూడా. డాబా మీద గొడుగంత డిష్షు, టీవీ పక్కన డిజిటల్ పెట్టె. గర్భగుడిలోకి కెమెరా పోదని అందరికీ తెలుసు. మామ్మకి కావలసింది గాలిగోపురం, మెట్లు, జనం. ఆ జనంలో ఎలమంచిలి చుట్టాలెవరైనా దొరికితే వాళ్ళకి పెట్టడానికి నాలుగు వంకలు.

ఆ ఉదయం వీధి వీధంతా తాళాలేసుకుని కొండకి వెళ్ళిపోయింది. మామ్మ తలంటుకుని, కొత్తచీర కట్టించుకుని టీవీ ముందు కూర్చుంది. గోపురం వచ్చింది గాని, ఎవరో మైసూర్‌పాకులా ముక్కలు కోసి పళ్ళెంలో కలిపేసినట్టు వచ్చింది. పూజారిగారి తల ఒకచోట, పంచె ఇంకోచోట, మధ్యలో దిక్కులేని గంట ఒకటి. మంత్రాలకేమో నత్తి.

నాన్న డాబా ఎక్కాడు. కిటికీ దగ్గర సమాచార శాఖ నాది.

"వైరు బిగించాను, సూడొరే!"

"సిగ్నలుకి స్ట్రెంగ్త్ ఉంది, క్వాలిటీ లేదు నాన్నా!"

"మీ తాతా అంతేరా," అంది మామ్మ, ముక్కల మీంచి చూపు తిప్పకుండా. "ఒంట్లో టెంత్ ఉండీది, కోలిటీ లేదు."

నాన్న గొడుగుని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి మళ్ళీ గుర్తుపెట్టిన చోటే నిలిపాడు. కాకిరెట్టలు కడిగాడు. పోర్టు బొగ్గుదుమ్ము తుడిచాడు. వైరు కొస గీకి మళ్ళీ తగిలించాడు. ఎండ నెత్తికెక్కింది. కింద పూజారిగారు ఇంకా అతుక్కోలేదు.

"అప్పలరాజూ, దిగిపోరా! మాడిపోతన్నావు. నాను సూత్తన్నాను గదా!"

నేను పైకెళ్ళాను. గొడుగు ముందు కమ్మీ చివర చిన్న ముక్కు లాంటిది ఉంటుంది. ఆకాశంలోంచి వచ్చే బొమ్మంతా దాని మూతలోంచే లోపలికి దూరాలి. అది ప్లాస్టిక్కు మూత, వెయ్యేళ్ళైనా తుప్పు పట్టదు. లోహప్పొడి కలిసి బొమ్మని అడ్డగించే వెండిరంగు దానికి కూడా ముందురోజే ఆయన ముద్దుగా రెండు పూతలు వేశాడు. దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"పూసింది నానే కదరా," అన్నాడు.

కొండంత ఓడల తుప్పు ఊడగొట్టిన చేతులతో, ఉడికిన గుడ్డు వొలిచినట్టు ఆ పూత గీకాడు. నేను కిందికి పరిగెత్తాను. బొమ్మ అద్దంలా ఉంది. అందులో ఒకావిడ సాంబారు పెట్టడమెలాగో చెబుతోంది. ప్రత్యక్ష ప్రసారం అయిపోయింది.

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు, గోళ్ళనిండా వెండితో. మామ్మ సాంబారుకే రెండు చేతులూ జోడించి ఉంది.

"సూసేసానురా. అప్పన్న నిజరూపమే సూసేసాను. ఎంత బాగా సూపించావురా నాయనా!"

కెమెరా లోపలికి పోదు కదా అని మాలో ఎవరమూ అనలేదు. నాన్న పెరట్లోకెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

మరుసటి చందనోత్సవానికి మామ్మ లేదు. నాన్న మళ్ళీ ఇంట్లో వెండిరంగు డబ్బా మూత తియ్యలేదు. రేవుకొచ్చిన ఓడలన్నిటినీ ఉప్పు నుంచి కాపాడుతూనే, సొంత ఇంటిని మాత్రం దాయాదికి రాసిచ్చేశాడు. ముందు డ్రమ్ము పోయింది, తర్వాత గేటు, ఊచలు. గొడుగు జల్లెడైపోయి, ఒక గాలివానకి రాలిపోయింది. ఇప్పుడు నాన్నా లేడు, డాబా లేదు. టీవీలో కొండ మాత్రం పూజారిగారి కనుబొమల మీది చెమటచుక్కలు కూడా కనబడేంత స్పష్టంగా వస్తోంది.

ఇందాక పెయింటరు తలుపు తట్టాడు. "డబ్బాలో కొంచెం మిగిలింది సార్. మీ బాల్కనీ గ్రిల్లు తుప్పట్టేసింది, ఏసేమంటారేటి?"

వద్దన్నాను. ఊరికే వస్తుంటే వద్దనే మనిషిని అతను మొదటిసారి చూసినట్టుంది, మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగాడు. వాసన పోయేదాకా గ్రిల్లు పట్టుకునే నిలబడ్డాను. అరచేతులకి ఎర్రగా తుప్పంటింది. ఇంకా కడుక్కోలేదు.