మునెమ్మవ్వ చెప్పని మాట

దెయ్యాలు, పూనకాలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. చుట్టాల్లో ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే, "నువ్వే చూశావా, ఎవరైనా చెప్పారా?" అని అడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లేదాన్ని. ఇది చదివాక మీరూ నన్ను అదే అడుగుతారని తెలుసు. అడగండి. నేనే చూశాను, నా చెవులతో విన్నాను.

నేను ఫోన్లకు యాప్‌లు తయారు చేస్తాను. తిరుపతిలో ఒక టిఫిన్ హోటల్ మీద చిన్న గది మా ఆఫీసు. నాతో పాటు హరి అనే కుర్రాడు పనిచేస్తాడు. యంత్రం తప్పు చేసిందంటే ఎక్కడో మనమే తప్పు రాశామని, వెతికితే దొరుకుతుందని నమ్మే రకం మేమిద్దరం.

పలమనేరు దగ్గర అడవి అంచున ఉండే ఒక పల్లె కోసం అప్పట్లో ఒక యాప్ చేశాం. పని చిన్నదే. ఏనుగు కనిపించినవాళ్లు ఫోన్‌లో బటన్ నొక్కితే ఊళ్లో అందరి ఫోన్లలోనూ సైరన్ మోగుతుంది. కానీ టమాటా కోసేవాళ్ల చేతులకు నల్లటి పసరు పట్టి ఉంటుంది. ఆ వేళ్లతో నొక్కితే ఫోన్‌కు అర్థం కాదు. అందుకే నోటితో చెబితే చాలు అనేలా మార్చాలనుకున్నాం. ఫోన్ వైపు తిరిగి ఒక్క మాట అంటే యాప్ దానంతట అదే తెరుచుకుంటుంది. ఆ మాట, అన్నవాళ్ల గొంతుతోనే, సైరన్ వెనకాల అందరికీ వినిపిస్తుంది. తెలిసిన గొంతు వింటే జనం తొందరగా కదులుతారని నా ఆలోచన.

ఆ పని మొదలుపెట్టిన రోజుల్లో నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు, అంత సంబరం. ఏ మాటలు గుర్తుపట్టాలో ఫోన్‌కు ముందే నేర్పాలి. "ఏనుగు వచ్చింది", "ఏనుగులు వస్తున్నాయి", "ఏనుగును చూశాను" అని రకరకాలుగా నేర్పాను. ఆఫీసులో అరిచి చూస్తే ప్రతిసారీ పట్టేసింది. మా అరుపులకు కింద హోటల్ ఆయన పైకి వచ్చి, "ఏమప్పా, యాడుండాది ఏనుగు?" అని అడిగి నవ్వుకుంటూ వెళ్లాడు.

మంచి ఊపు మీద పల్లెకు వెళ్లాం. పాల కేంద్రం ముందు అందరినీ కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్లలో కొత్త యాప్ వేసి, చెప్పి చూడమన్నాం. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు, మగవాళ్లు ఆకాశం చూశారు. సిగ్గుపడుతున్నారేమో అనుకుని నేనే ఫోన్ పట్టుకుని, "ఏనుగు వ..." అన్నాను. అంతే, ముందు వరుసలో ఉన్న పెద్దావిడ లేచి వచ్చి తన అరచేత్తో నా నోరు మూసేసింది.

ఆమే మునెమ్మవ్వ. అరవై దాటిన మనిషి, ఆ చేతికి ఎంత బలమో!

"పేరు పెట్టి పిలవకూడదు పాపా. సామి అనల్ల," అంది.

"సరే అవ్వా, సామి వచ్చినాడు అని చెప్పు అయితే."

"రాకుండానే వచ్చినాడని యెట్ట సెప్పేది? లేనప్పుడు పిలిస్తే వస్తాడు."

ఊరంతా తలూపింది. వాళ్లు ఆ జంతువు పేరు ఎత్తరు. సామి అంటారు, అది కూడా నిజంగా కనిపించినప్పుడే. ఈ సంగతి ముందే ఎవరినైనా అడగాలని నాకు తట్టలేదు.

తర్వాత పాల కేంద్రం ఆయన మెల్లగా చెప్పాడు. మునెమ్మవ్వ భర్తను తొక్కి చంపింది ఏనుగే. అందరితో పాటు పరుగెత్తినవాడు, మందు కొట్టే డబ్బా చేలోనే ఉండిపోయిందని దానికోసం వెనక్కి వెళ్లాడట. ఇప్పుడు ఆమెకు ఉన్నది ఒక్క కూతురు, రత్న. ఆ పిల్ల రోజూ అదే అడవి అంచున టమాటా తోటలోకి కూలికి పోతుంది. అది విన్నాక ఈ యాప్ నాకు ఉద్యోగంలాగా అనిపించలేదు. రత్న నోరు తెరిస్తే చాలు ఊరంతా లేవాలి, అది నేను చేసి తీరాలి అనుకున్నాను.

"సామి వచ్చినాడు" అనే మాట నేర్పాలంటే ఆ పల్లె గొంతులే కావాలి. మా గొంతుతో నేర్పాం కానీ, వాళ్ల యాస పడుతుందో లేదో వాళ్లు అంటేనే తెలుస్తుంది. ఎవరిని అడిగినా దండం పెట్టి తప్పించుకున్నారు. ఇంతలో మునెమ్మవ్వ తలనీలాలు ఇవ్వడానికి కొండకు వస్తోందని తెలిసింది. దిగి వచ్చాక మా ఆఫీసులో కాఫీ తాగి పొమ్మని బతిమాలాను.

గుండు మీద చందనం పూసుకుని, చేతిలో లడ్డూల సంచితో వచ్చింది. రత్న రాలేదా అంటే, కోతలు జోరుగా ఉండాయి, తోటకు పోయింది అంది. హరికీ నాకూ చెరో లడ్డూ ఇచ్చింది. కాసేపు ఆగి నేను అసలు విషయం ఎత్తాను.

"ఇది తిరుపతి అవ్వా. మీ ఊరు ఎక్కడ, ఇది ఎక్కడ! ఇక్కడ అంటే ఆయనకు వినపడదులే."

"ఆయన సెవులు సిన్నవా పాపా?"

హరి పకపకా నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది కానీ వదల్లేదు. రత్న చేతులకు పసరు ఉంటుందని, బటన్ నొక్కలేదని, నోటిమాట ఒక్కటే ఆ పిల్లకు దారి అని చెప్పాను. మునెమ్మవ్వ లడ్డూల సంచి మూతి ముడేసి పక్కన పెట్టింది. చివరికి, "బిడ్డ కోసం అంటావుండావు. ఒక్కసారే," అంది.

అప్పటికే కరెంటు పోయి ఉంది. ఫ్యాను చప్పుడు లేదు, రికార్డింగ్‌కు మంచిదే అనుకున్నాం. మా ఫోన్లు సైలెంట్‌లో పెట్టాం. బల్ల మీద ఉన్నది ప్రయోగాలకు వాడే పాత ఫోన్. అందులో సిమ్ లేదు. కరెంటు లేదు కాబట్టి వైఫై లేదు. "సామి వచ్చినాడు" అనే మాటను ఆ ఒక్క ఫోన్‌కే నేర్పాం, పల్లెలో ఉన్న ఫోన్లకు అది ఇంకా తెలియనే తెలియదు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మునెమ్మవ్వ లేచి, గోడ మీద కాణిపాకం వినాయకుడి క్యాలెండర్‌కు దండం పెట్టి, "తప్పు కాయి సామీ" అని చెంపలేసుకుంది. ఫోన్ ముందు కూర్చుని, పొలంలో కేకేసినట్టు, గట్టిగా అంది.

"సామి వచ్చినాడు, లెయ్యండి!"

యాప్ టక్కున తెరుచుకుంది. మాటను తప్పు లేకుండా పట్టుకుంది. కింద ఎర్రగా "నెట్ లేదు, హెచ్చరిక పంపలేదు" అని వచ్చింది. పంపాల్సిన పనీ లేదు మాకు. వాళ్ల యాస పట్టింది, అది చాలు! నేను ఎగిరి గంతేశాను, హరి ఈల వేశాడు. అంత సంతోషం నా పనిలో మళ్లీ కలగలేదు. అవ్వకు కాఫీ తెప్పించాం.

ఆమె కాఫీ తాగుతుండగా సంచిలో ఆమె చిన్న ఫోన్ మోగింది. సరిగ్గా వినపడదని ఎప్పుడూ స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది. రత్న గొంతు. రొప్పుతోంది.

"మా, యాడుండావు? అప్పుడే ఊరికొచ్చేసినావా? కుంట గట్టు మీదనే ఉండావా? దిగొద్దు! సామి ఇంకా తోటలోనే ఉండాడు!"

"నేను తిరపతిలో ఉండాను గదే. కాపీ తాగతా ఉండాను."

అటువైపు రత్న పక్కనున్నవాళ్లను ఏదో అడిగి, మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది.

"మరి ఇందాక పిలిసింది ఎవురు?"

నా చేతిలో ఉన్న లడ్డూ ముక్క కింద పడింది. రత్న ఏడుస్తూ, నవ్వుతూ చెప్పింది. తోట చివర సంచుల్లో ఉన్న ఫోన్లన్నిట్లో ఒక్కసారిగా సైరన్ మోగిందట. వెనకే అమ్మ గొంతు. ఆడవాళ్లందరూ బుట్టలు పారేసి రోడ్డు మీదకు పరుగెత్తారు. వెనక్కి తిరిగి చూస్తే ఒంటరి మగ ఏనుగు కుంట గట్టు దిగి, వాళ్లు కోస్తున్న సాళ్లలోంచే నడిచి వస్తోంది. పగటిపూట అది దిగడం అక్కడ చాలా అరుదు, అందుకే ఎవరూ అడవి వైపు చూడలేదు. బుట్టలన్నీ దాని కాళ్ల కింద పచ్చడి అయ్యాయి. మనుషులు మాత్రం అందరూ క్షేమం.

నా ఫోన్ తీసి చూశాను. సైలెంట్‌లో ఉన్నందువల్ల మోగలేదు కానీ హెచ్చరిక వచ్చి ఉంది. నొక్కాను. ముగ్గురం విన్నాం.

"సామి కుంట గట్టు దిగినాడు. రత్నా, బుట్ట ఆడే పారెయ్. ఎనక్కి పోబాకు. లెయ్!"

హరి నా మొహం చూశాడు, నేను అవ్వ మొహం చూశాను. మా ముందు ఆమె ఈ మాటలు అనలేదు. మూడే ముక్కలు అంది, అవి ఆ పాత ఫోన్‌లో అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. మునెమ్మవ్వ మళ్లీ పెట్టమంది. రెండోసారి విని, గ్లాసు కింద పెట్టింది.

"గొంతు నాదే పాపా. మాట నేను సెప్పలేదు."

ఆమె అదిరిపోయి వణికి ఉంటుందని మీరు అనుకుంటారేమో. లేదు, మొహమంతా వెలిగిపోయింది. "ఆయప్పకి ఎవురూ సెప్పలేదు, నా బిడ్డకి సెప్పినారు," అని క్యాలెండర్ వైపు తిరిగి చేతులు జోడించింది. ఆయప్ప అంటే చనిపోయిన భర్త అని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. భయంతో కాదు, సంతోషంతోనే.

తర్వాత నేను ఊరుకుంటానా! సర్వర్‌లో చూస్తే ఆ హెచ్చరిక మా బల్ల మీద ఉన్న పాత ఫోన్ నుంచే వెళ్లినట్టు ఉంది. సిమ్ లేదు, వైఫై లేదు, మా ఫోన్లలో హాట్‌స్పాట్ కూడా లేదు. ఏదో ఒక దారిన వెళ్లిందనే అనుకుందాం. మరి ఆ మాటలు? పల్లెలో ఎవరైనా ఆమె గొంతు అనుకరించారేమోనని అడిగాను. మాటకు మాట చేర్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా కల్పించి చెప్పిందా అని వెతికాను. మేము అలాంటిదేమీ వాడలేదు. బెంగళూరులో నాకంటే బాగా తెలిసిన స్నేహితుడొకడు అంతా చూసి, ఎక్కడో చిన్న తప్పు ఉంటుందిలే అన్నాడు. ఎక్కడో చూపించమంటే చూపించలేకపోయాడు.

రాత్రిళ్లు నన్ను తొలిచేది ఇంకొకటి ఉంది. అది లేనప్పుడు మేము పిలిపించాం కాబట్టి వచ్చిందా? లేక అది వస్తోంది కాబట్టే ఆ రోజు మా బల్ల ముందు ఆమె నోరు తెరుచుకుందా? మునెమ్మవ్వను అడిగితే, "రెండూ ఒకటే గదా పాపా," అని నవ్వేసింది. నాకు మాత్రం ఒకటిగా కనిపించడం లేదు. ఈ రోజు వరకూ జవాబు తెలియదు.

"సామి వచ్చినాడు" ఇప్పుడు ఆ పల్లెలో అందరి ఫోన్లలోనూ ఉంది. ఒక చిన్న బటన్ రంగు మార్చినా పదిసార్లు పరీక్షించనిదే బయటికి వదలని నేను, ఆ ఒక్క మాటను మళ్లీ ఒక్కసారి కూడా పరీక్షించకుండా వదిలాను. నిజంగా కనిపించినప్పుడు వాళ్లు అన్నారు, అన్న ప్రతిసారీ అది పనిచేసింది.

మొన్న యాప్‌లో ఏవో మార్పులు చేశాక హరి పాత ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "అక్కా, ఒక్కసారి చెక్ చేసేద్దాం," అంటూ గొంతు సవరించుకుని, "సామి వ..." అన్నాడు.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. నా అరచేయి వాడి నోటి మీద ఉంది.