కంప్యూటర్‌కు వెల్వెట్ గౌను

ఆ రోజుల్లో మా ఇంట్లో మనుషులకంటే వస్తువులకే బట్టలు ఎక్కువ. టీవీకి ఒక గౌను, మిక్సీకి ఒక టోపీ, ఫ్రిజ్ తలుపు పిడికి ఒక చేతి తొడుగు, గ్యాస్ సిలిండర్‌కు కుచ్చుల పావడా. వాటిల్లోనూ మళ్లీ రోజూ వేసేవి వేరు, ఇంటికి ఎవరైనా వస్తే వేసేవి వేరు. (నాకు మాత్రం క్రిస్మస్‌కు ఒక జత, ఈస్టర్‌కు ఒక జత.) అమ్మ మెదక్‌లో మిషన్ బడి హాస్టల్లో ఉండి చదువుకుంది. చదువు సంగతేమో గానీ కుట్టుపని మాత్రం అక్కడ బాగా ఒంటబట్టింది. పెళ్లయి నాంపల్లి స్టేషన్ వెనక సందులోని కిరాయి వాటాకు వచ్చాక, ఇంట్లోకి ఏ కొత్త వస్తువు అడుగుపెట్టినా అమ్మ మొదట చేసే పని టేపు తెచ్చి దాని కొలతలు తీసుకోవడం. ఇప్పటివాళ్లకు ఇదంతా వింతగా ఉండొచ్చు. అప్పట్లో మాత్రం కవరు లేని టీవీ కనిపిస్తే, పాపం ఆ ఇంటావిడకు ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్లు.

నేను డిగ్రీలో చేరిన ఏడాది ఆ ఇంటికి కంప్యూటర్ వచ్చింది. అబిడ్స్‌లో ఒక మెట్ల కింద దుకాణంలో, విడి భాగాలు కలిపి బిగించిన పెట్టె. దుకాణం ఆయనను అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్లు, ఎందుకంటే స్క్రూడ్రైవర్‌ను ఎప్పుడూ చొక్కా జేబులో థర్మామీటర్‌లా పెట్టుకుని ఉండేవాడు. పెట్టెను ఆటో ఎక్కిస్తూ ఆయన అమ్మతో ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు. "అమ్మా, దీనికి ఒక్కటే దుష్మన్. దుమ్ము. జర దుమ్ము పడకుండ చూసుకోండ్రి, ఇంక ఏం ఫికర్ లేదు." ఆ మాటను అమ్మ ఆదివారం ప్రసంగంలో వాక్యం విన్నంత శ్రద్ధగా విన్నది. మర్నాడే కట్ పీసుల కొట్టుకు వెళ్లి మెరూన్ రంగు వెల్వెట్ తెచ్చింది. దెబ్బ తగలకుండా లోపల పల్చటి ఫోమ్, దాని కింద అస్తరు, అంచుకు తెల్ల లేసు. మానిటర్ గౌను వాడేటప్పుడు తీయక తప్పదు. సిపియు గౌను మాత్రం తీయనక్కరలేకుండా, బటన్ దగ్గర చిన్న తలుపు, వెనక వైర్లు బయటికి రావడానికి ఒక చీలిక పెట్టి, ఎప్పుడూ ఒంటి మీదే ఉండేలా కుట్టింది. కంప్యూటర్‌ను ముట్టుకోవాలంటే భయపడే మా అమ్మకు దానితో ఉన్న సంబంధమల్లా ఆ గౌనే. చర్చి నుంచి ఎవరు వచ్చినా కంప్యూటర్‌ను కాక ముందు గౌనును చూపించేది. వాళ్లు కూడా లేసును వేళ్లతో నలిపి చూసి, కంప్యూటర్ చాలా బాగుందని చెప్పి వెళ్లేవాళ్లు.

మా పై వాటాలో బందరు వైపు వాళ్లు ఉండేవాళ్లు. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఆ ఇంటి తాతగారు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఆ ఇంటి అబ్బాయిది నా వయసే. వాళ్లింట్లోనూ కంప్యూటర్ ఉంది. తనకు తానే కెప్టెన్ అని పేరు పెట్టుకున్నాడు కాబట్టి ఇక్కడా ఆ పేరే ఉండనివ్వండి. ఇద్దరం కలిసి వాళ్ల బాల్కనీ నుంచి మా వంటింటి కిటికీ దాకా ఒక నీలం వైరు దించి, దాన్ని బట్టలారేసే తీగకు కట్టి, రెండు కంప్యూటర్లనూ కలిపాం. అది మొదటిసారి పని చేసిన రోజు మా సందులోకి సముద్రం వచ్చినంత సంబరపడ్డాం. ఇక రోజూ సాయంత్రం ట్యాంకుల యుద్ధం. అతను పైన, నేను కింద. ఎవరి కోట కూలితే వాళ్లు ఓడినట్టు.

అంతా బాగానే ఉండేది గానీ, యుద్ధం మంచి పట్టులో ఉండగా మా కంప్యూటర్ టప్పున ఆగిపోయేది. చెప్పాపెట్టకుండా, తెర నల్లగా. కాసేపు వదిలేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు లేచేది. మొదట్లో వైరస్ అనుకున్నాం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికతో పాటు ఇచ్చిన సీడీ కొనుక్కొచ్చి వైరస్‌లను తుడిచాను. తర్వాత ర్యామ్ అనుకుని, దాన్ని ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో బంగారు గీతలు తళతళలాడేదాకా రుద్దాను. తర్వాత ప్లగ్గు మార్చాను. తర్వాత, నాకు తెలిసినవన్నీ అయిపోయాయి కాబట్టి, విండోస్‌ను చెరిపి మళ్లీ ఎక్కించాను. అమ్మ తన వంతుగా సాయంత్రం ప్రార్థనలో మేనమామ షుగరు తర్వాత దీన్ని కూడా చేర్చింది. "మా కంప్యూటర్‌ను కూడా స్వస్థపరచు ప్రభువా" అని ఆమె కళ్లు మూసుకుని అంటుంటే నేను ఆమెన్ అందరికంటే గట్టిగా అనేదాన్ని.

ఇదంతా ఒక ఎత్తు, కెప్టెన్ మాటలు ఒక ఎత్తు. ఆగిపోయిన ప్రతిసారీ బాల్కనీలోంచి కిందికి వంగి, "ఓడిపోతున్నావని తెలియగానే స్విచ్ ఆపేస్తున్నావు కదూ?" అనేవాడు. కాదని ఎంత చెప్పినా నమ్మేవాడు కాదు. "మరి గెలిచేటప్పుడు ఎందుకు ఆగదూ?" అనేవాడు. అలా ఆగాలంటే అసలు నేను గెలిచే సందర్భాలు ఉండాలి కదా. కానీ ఆ నింద నన్ను నిజంగా బాధపెట్టింది. ఆటలో చేతకానిదాన్నే, ఒప్పుకుంటాను. దొంగను మాత్రం కాను. సందులో పిల్లలంతా నన్ను "స్విచ్చక్క" అనడం మొదలుపెట్టాక అన్నం కూడా సరిగ్గా సహించలేదు.

డాడీ స్కూటర్ మీద సిపియును డాక్టర్ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాం. బయల్దేరే ముందు అమ్మ దానికి గౌను విప్పేసింది. "దుకాణంల అందరి చేతులు తలుగుతయి, మాసిపోతది" అని, ఒక పాత దుప్పటి చుట్టి ఇచ్చింది. అక్కడ డాక్టర్ సాబ్ దాన్ని బల్ల మీద పెట్టి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆడించి, చాయ్ తాగి, "ఏం బీమారి లేదమ్మా దీనికి. గుర్రం లెక్క ఉరుకుతున్నది" అన్నాడు. ఆ సంతోషంలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి ఐస్‌క్రీమ్ తిని ఇంటికొచ్చాం. అమ్మ దుప్పటి విప్పి, ఉతికి ఇస్త్రీ చేసిన గౌను తొడిగింది. సాయంత్రానికి టప్పు. మళ్లీ స్కూటర్, మళ్లీ దుప్పటి, మళ్లీ గుర్రం, మళ్లీ ఐస్‌క్రీమ్. ఆ సీజన్‌లో నేను తిన్నంత సీతాఫలం ఐస్‌క్రీమ్ జీవితంలో మళ్లీ తినలేదు. చివరికి డాక్టర్ సాబ్ విసిగిపోయి, "గీడ మంచిగ నడుస్తది, గాడ నడవదు అంటున్రు. మీ ఇంటి కరెంటులనే గడబడ ఉన్నది" అని తేల్చేశాడు.

అసలు సంగతి బయటపడింది అమ్మ గౌను ఉతికిన రోజు. కింది అంచుకు నా చేతి నుంచి పులుసు మరక అంటుకుంటే తడిపి డాబా మీద ఆరేసింది. వెల్వెట్ కదా, ఆరడానికి సాయంత్రం దాకా పట్టింది. ఆ రోజంతా కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. గౌను ఎక్కిన అరగంటకు ఆగింది. నేను గౌను వైపు చూశాను. తర్వాత డాడీ వైపు చూశాను. ఆయన పేపరు దించి గౌను వైపు చూశారు. లోపల ఫోమ్, పైన వెల్వెట్, వెనక ఫ్యాను నోటికి అస్తరు గుడ్డ. పాపం అది ఇన్నాళ్లూ ఎండాకాలంలో రగ్గు కప్పుకుని పరుగెత్తినట్టే.

"ఈ ముక్క మీ అమ్మతోని నువ్వు చెప్తవా?" అన్నారు డాడీ గొంతు తగ్గించి.

"మీరే చెప్పండి డాడీ."

"నేను గీ ఇంట్లనే తినాలె బిడ్డా."

నవ్వుతూనే అన్నారు గానీ, ఇద్దరికీ నోరు రాకపోవడానికి అసలు కారణం తిండి కాదు. ఆ గౌనును ఎవరికైనా చూపించేటప్పుడు అమ్మ ముఖంలో వచ్చే వెలుగు మా ఇద్దరికీ తెలుసు. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. అమ్మ వంటింట్లో ఉన్నంతసేపు గౌను వెనకభాగం పైకి ఎత్తి మడిచిపెట్టాలి. అమ్మ ఇటు వస్తుంటే డాడీ దగ్గాలి, నేను దించెయ్యాలి. ఈ ఏర్పాటు చక్కగా సాగింది, కాకపోతే డాడీ దగ్గు విని అమ్మ మిరియాల కషాయం పెట్టడం మొదలుపెట్టింది. ఆయన నా కంప్యూటర్ కోసం పూటపూటకూ గ్లాసెడు కషాయం మింగి, నా వైపు కోపంగా చూసేవారు.

అలా కొన్నాళ్లు ఆగకుండా ఆడేసరికి నాకు ధైర్యం వచ్చి, కెప్టెన్‌తో పందెం వేశాను. ఆదివారం ప్రార్థన అయ్యాక చివరి యుద్ధం. ఈసారి ఆగితే నేనే ఆపినట్టు ఒప్పుకుంటాను. స్విచ్ మీద నా చెయ్యి పడకుండా చూడటానికి సాక్షిగా వాళ్లమ్మగారే కిందికి వచ్చి నా పక్కన కూర్చుంటారు. ఇక్కడే నేనొక సంగతి మర్చిపోయాను. పై ఆంటీ మా ఇంట్లోకి వచ్చి కూర్చోవడమంటే, అమ్మ లెక్కలో ఇంటికి మనుషులు రావడం. నేను చర్చి నుంచి వచ్చి చూసేసరికి సిపియుకు రోజువారీ గౌను లేదు. పండుగ గౌను ఉంది. ముదురు ఆకుపచ్చ వెల్వెట్, రెట్టింపు ఫోమ్, నాలుగు వైపులా లేసు, వెనక చీలికకు వరసగా బొత్తాలు. నాకు తెలియకుండా ఎప్పుడు కుట్టిందో.

"అబ్బ, ఎంత బాగా కుట్టారండీ" అన్నారు పై ఆంటీ కూర్చుంటూనే. "మా ఇంట్లో దీనికి తువ్వాలు కూడా కప్పలేదు. నాకూ ఒకటి కుట్టిపెట్టరూ?"

అమ్మ మురిసిపోయి, కుర్చీ జరుపుకుని సరిగ్గా గౌను పక్కనే కూర్చుంది. ఇక వంటింట్లోకి వెళ్లే ప్రసక్తే లేదు. యుద్ధం మొదలైంది. ఆ రోజు నాకు ఏం పూనిందో గానీ, కొట్టిన ప్రతి గుండూ తగిలింది. కెప్టెన్ కోటకు ఒక్క గోడ మిగిలింది. లోపల ఫ్యాను రొద మాత్రం అంతకంతకూ పెరుగుతోంది. డాడీ దగ్గారు. అమ్మ కదల్లేదు. డాడీ మళ్లీ దగ్గారు. "ఫ్లాస్కుల కషాయం ఉన్నది, పోసుకోండ్రి" అంది అమ్మ. నా ఎడమ చెయ్యి వెనక బొత్తాల దాకా వెళ్లింది. రెండు బొత్తాలు విప్పితే చాలు, గెలుస్తాను, దొంగనన్న పేరూ పోతుంది. కానీ విప్పితే ఎందుకని ఆంటీ అడుగుతారు. అప్పుడు ఆంటీ ఎదుట, ఇంతసేపూ ఆవిడ మెచ్చుకున్న గౌనే ఈ కంప్యూటర్‌కు జబ్బు అని చెప్పాలి. అమ్మ అప్పుడే లేసును సర్దుతూ, ఆ కుట్టు ఎలా వేయాలో ఆంటీకి చెబుతోంది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఆ మరుక్షణం టప్పు.

పైనుంచి కెప్టెన్ కేక వినిపించింది. ఆంటీ లేచి కిటికీలోంచి తల పైకెత్తి, "ఒరేయ్, అమ్మాయి చెయ్యి కూడా పెట్టలేదురా. నేను చూస్తూనే ఉన్నా. దానంతటదే పోయింది" అన్నారు. అలా నేను ఓడిపోయిన రోజునే నా నిజాయితీ గెలిచింది. కెప్టెన్ దిగొచ్చి, ఒప్పుకోవడం ఇష్టం లేని ముఖంతో, "సరేలే, నువ్వు ఆపట్లేదు. కానీ ఓటమి ఓటమే" అని తల్లిని తీసుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు వెళ్లాక అమ్మ పండుగ గౌను తీసి మడతపెట్టబోయి, సిపియు మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. అరచెయ్యి తిప్పి, చిన్నపిల్లల నుదురు చూసినట్టు, మణికట్టు ఆనించి చూసింది. "గిదేంది, గింత కాలుతున్నది?" మేమిద్దరం నేల చూపులు చూశాం. అమ్మ నన్ను చూసింది, గౌనును చూసింది, చివరికి డాడీని చూసింది.

"గందుకేనా మీకు దగ్గు?"

డాడీ కషాయం ఫ్లాస్కును పక్కకు జరిపారు. ఆ రోజు నుంచి ఆయన మళ్లీ దగ్గలేదు.

"అన్ని గ్లాసుల కషాయం తాగిన్రు గని, నాకు ఒక్క మాట చెప్పరాలేదా?" అంది అమ్మ. కోపం కాదు. మడతపెట్టబోయిన గౌనును మళ్లీ విప్పి చూసుకుంటూ అంది. "నేను కుట్టింది దాన్ని కాపాడనీకి. సంపనీకి కాదు." అంటూనే పెద్ద కత్తెర తెచ్చి, ఆ ఆకుపచ్చ వెల్వెట్ వెనక వైపంతా చదరంగా కత్తిరించేసింది. నాకు ఏడుపొచ్చింది. ఓడినందుకు రాని ఏడుపు ఆ కత్తెర చప్పుడుకు వచ్చింది. అమ్మ మాత్రం అప్పటికే ఆ కిటికీ చుట్టూ లేసు పెట్టి కుడుతోంది. మర్నాడు మెరూన్ గౌనుకూ అలాంటి కిటికీయే పడింది, ఆ తర్వాత మా కంప్యూటర్ ఎప్పుడూ ఆగలేదు. సాకు పోయింది కాబట్టి నేను కెప్టెన్ చేతిలో రోజూ, సంపూర్ణంగా, న్యాయంగా ఓడిపోతూ వచ్చాను.

ఇప్పుడు మా అమ్మాయి గదిలో కూడా ఆటల కంప్యూటర్ ఉంది. గాజు గోడలు, లోపల రంగురంగుల లైట్లు, లెక్కపెట్టనన్ని ఫ్యాన్లు. ఒంటి మీద నూలు పోగు లేదు. అమ్మ వచ్చినప్పుడల్లా దాని వైపు కొంచెం జాలిగా చూసి, "దోమతెర గుడ్డతోని కుడతనే, గాలి మంచిగ ఆడుతది" అంటుంది. మనవరాలు వద్దంటుంది. మొన్న ఆ కంప్యూటర్ ఆట మధ్యలో బిగుసుకుపోయి పిల్ల గొణుగుతుంటే నేను వెళ్లి, ఏమీ ఆలోచించకుండానే, పెట్టె మీద చెయ్యి పెట్టి, తిప్పి మణికట్టు ఆనించాను.

"మమ్మీ, టెంపరేచర్ తెర మీదనే కనిపిస్తది" అంది అమ్మాయి.

కనిపిస్తోంది నిజమే, పచ్చటి అంకెల్లో. ఔనన్నాను గానీ, చెయ్యి మాత్రం ఇంకాసేపు అక్కడే ఉంచాను.