ఎంతవరకు వచ్చిందో చెప్పే గీత

మేనమామ ఆమెకు పెట్టిన ముద్దుపేరు బొంగరం. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరినా ఆ పేరు వదల్లేదు. పళ్ళు తోముకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. లిఫ్టు వచ్చేలోపు మెట్లెక్కి పై అంతస్తులో ఉంటుంది. "కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టావే," అని తల్లి విసుక్కునేది.

కిడ్నీ జబ్బువాళ్ళకు డయాలిసిస్ చేసే ఒక ఆసుపత్రికి బొంగరం ప్రోగ్రాం రాసింది. ఏ రోగి ఏ రోజు, ఏ యంత్రం దగ్గరికి రావాలో అది నిర్ణయించి, పెద్ద ఎక్సెల్ షీటుగా సేవ్ చేస్తుంది. ఆ షీటు చూసి హెడ్ నర్సు అందరికీ ఫోన్లు చేస్తుంది.

చిక్కంతా సేవ్ దగ్గరే. బటన్ నొక్కగానే తెర తెల్లగా బిగుసుకుపోయేది. లోపల ఫైలు రాయడం పూర్తయ్యేదాకా తెర కదలడానికి వీల్లేకుండా ఉండేది. ఒకరోజు హెడ్ నర్సు చూసి చూసి ప్రోగ్రాం మూసేసింది. షీటు సగంలో తెగిపోయింది. మర్నాడు ఒకే యంత్రానికి ఇద్దరేసి వచ్చారు. కొందరు వాచిన కాళ్ళతో వచ్చినదారినే తిరిగి వెళ్ళారు.

చీవాట్లు తప్పవనుకుంటూనే బొంగరం ఆసుపత్రికి వెళ్ళింది.

"ప్రోగ్రాం చచ్చిపోయిందనుకున్నానమ్మా," అంది హెడ్ నర్సు. "ఆగడం మాకేం కొత్త కాదు. ఎంతవరకు వచ్చిందో తెలిస్తే ఎంతసేపైనా ఆగుతాం."

ఆ మాటతో బొంగరానికి కాలు నిలవలేదు. సాయంత్రానికల్లా ఫైలు రాసే పనిని వెనక్కి నెట్టి, తెరను దాని మానాన వదిలేసింది. ఇక బిగుసుకోదు. పైన ఒక పచ్చగీత, దాని పక్కన నూటికి ఎంత అయ్యిందో చెప్పే అంకె కూడా పెట్టింది. ఆ గీతకు ఫైలు రాయడం నిజంగా ఎంతవరకు అయ్యిందో తెలీదు. మామూలుగా ఇంత సమయం పడుతుందిలే అని, గడియారాన్ని బట్టి జరుగుతుంది.

మర్నాడు బొంగరం హెడ్ నర్సు పక్కనే కూర్చుని చూసింది. నర్సు ఫోన్లో ఒక రోగి కూతురితో అంటోంది: "అయిపోవచ్చిందమ్మా, తొంభై దాటింది. లైన్లోనే ఉండు." గీత తొంభై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. "ఇదిగో... ఇదిగో..." అని నర్సు సర్దిచెబుతూనే ఉంది. బొంగరానికి ముళ్ళమీద కూర్చున్నట్టుంది. ఎట్టకేలకు సేవ్ అయ్యింది.

"సిస్టర్, ఆ అంకెలు నమ్మకండి. నేను ఉజ్జాయింపుగా వేసినవి."

నర్సు ఫోన్ పెట్టేసి ఆమె వంక చూసింది. "అయితే నేను ఆ పిల్లకి చెప్పిందంతా ఉత్తదేనా?"

బొంగరం తిన్నగా ఆఫీసుకి వెళ్ళింది.

మళ్ళీ మొదటినుంచి రాసింది. వెనక జరిగే పని కొన్ని వరుసలు రాసినప్పుడల్లా ముందున్న తెరకు కబురు పంపుతుంది. కబురు అందితేనే గీత జరుగుతుంది. రాతంతా వేరే ఫైల్లో పూర్తయ్యాకే పాతదాని స్థానంలోకి వస్తుంది. కొత్త గీత నత్తనడక నడుస్తుంది, ఉన్నట్టుండి గెంతుతుంది.

"ముందుదే నున్నగా సాగేది కదా," అన్నాడు ఆఫీసులో మేనేజరు.

"సాగేది సార్. కానీ అబద్ధం చెప్పేది."

కొన్నాళ్ళకు సేవ్ మధ్యలో నెట్‌వర్క్ పోయింది. గీత ఆగి, కింద ఒక మాట కనిపించింది: "పూర్తి కాలేదు. పాత షీటు భద్రంగా ఉంది." కబురందిన బొంగరం పరుగున వెళ్ళేసరికి హెడ్ నర్సు తాపీగా పాత షీటు చూసి ఫోన్లు చేసుకుంటోంది. ఎవరినీ తిప్పి పంపలేదు. బొంగరం ఊడిన నెట్‌వర్క్ తీగ పెట్టి, మళ్ళీ సేవ్ నొక్కి, వరండాలో పచార్లు మొదలెట్టింది.

"కాలు గాలిన పిల్లిలా ఏంటమ్మా అది. కూర్చో."

"కూర్చుంటే ఊపిరాడదు సిస్టర్."

"అయితే ఆ చివరి మంచం మీదావిడకి దుప్పటి కావాలేమో అడిగిరా."

పెద్దావిడకు దుప్పటి అక్కర్లేదు, మాట్లాడే మనిషి కావాలి. యంత్రం వైపు చూపించి అడిగింది: "ఇంకా ఎంతుందో చూడమ్మా. వీళ్ళనడిగితే అయిపోయింది అయిపోయింది అంటారు."

అయిపోవచ్చిందండీ అన్న మాట బొంగరం నాలుక చివరిదాకా వచ్చింది. వంగి అంకెలు చూసింది.

"సగం ఉందండీ."

"సగమా. అయితే ఓ కునుకు తీస్తాను. నువ్వు కాసేపుంటావా?"

"ఉంటానండీ," అని బొంగరం స్టూలు లాక్కుని కూర్చుంది.