కేకు పెట్టెలో బోను

మా వీధిలో ఎలుకలు లేవు. ఎవరినడిగినా ఇదే మాట. బేకరీ ఓనరుకి లేవు, మేడమీద కుటుంబానికి లేవు, మందుల షాపుకి అసలే లేవు. పక్కింట్లో ఉంటే ఉండొచ్చేమో, ఆ సంగతి తమకి తెలియదు. మరి ఈ లేని ఎలుకల్ని పట్టి మా మామ ఇన్నేళ్లు ఇల్లు నడిపాడంటే అది ఆయన ఘనతే. నేను సగం చదువుతోనే బడికి దండం పెట్టినవాణ్ణి, కానీ ఎలుకల సంగతికొస్తే ఏ ప్రొఫెసరూ నా ముందు నిలవడు. మా వీధి ఎలుకలు పిల్లుల్ని పెంచుకుంటాయి. అందులో బాగా బలిసినదొకటి ఓసారి బేకరీ తలుపు తోసుకుని లోపలికొస్తే, ఓనరు అలవాటుకొద్దీ లేచి నిలబడి ఏం కావాలని అడిగాడు. నమ్మనివాళ్లు వచ్చి ఎలుకనే అడగొచ్చు.

మామ పనికి ఒక పద్ధతి ఉంది. బోను చేత్తో పట్టుకుని వీధిలో నడవకూడదు. అది ఏ గుమ్మంలోకి వెళ్తే ఆ గుమ్మంలో ఎలుకలున్నట్టే కదా. అందుకని బేకరీ ఓనరు ఒక కేకు పెట్టె ఇచ్చాడు. గులాబీ రంగుది, రిబ్బనుతో సహా. బోను అందులో పెట్టుకుని దొడ్డిదారిన వెళ్లి, దొడ్డిదారినే రావాలి. వీధంతా ఆ పద్ధతే పట్టుకుంది. ఎలుకతో తిరిగొస్తున్న మామని చూసి, కొత్తగా దిగినవాళ్లు ఎవరి పుట్టినరోజని అడిగేవారు.

"ఎవరింట్లో ఏముందో నా పొట్ట కోసినా బయటికి రాదురా అల్లుడూ," అనేవాడు నాతో, మెడలో పతకం వేసినట్టు ఛాతీ విరుచుకుని.

"పొట్ట సంగతి సరే, ముందు కాళ్లకి చెప్పులేసుకో," అనేది అత్త.

వేసుకోడు. చెప్పులు చప్పుడు చేస్తాయట, ఎలుకలు వింటాయట. పగుళ్లు బారిన పాదాలతో బేకరీ వెనకాల పొంగిన మురిక్కాలువలోకి దొరలా దిగేవాడు. ఆ కాలువ ఎందుకు పొంగుతుందో అందరికీ తెలుసు. అమ్ముడుపోని రొట్టెలు, విరిగిపోయిన క్రీము ఓనరు అందులోకే తోయిస్తాడు. ఎలుకలకి మూడుపూటలా విందు పెట్టేదీ ఆయనే, అవి కనబడకూడదనేదీ ఆయనే.

వానలు తగ్గాక మామకి జ్వరం తగిలింది. పిక్కలు పట్టుకుని మెలికలు తిరిగాడు. కళ్లు ఎర్రబడి, తర్వాత పచ్చబడ్డాయి. నేనూ అత్తా బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. అత్త చీటీ కోసం బయట వరసలో నిలబడింది. లోపల డాక్టరమ్మ మామని అటూ ఇటూ నొక్కి చూసింది.

"ఏం పని చేస్తావు?"

"పెట్టెలు మోస్తానమ్మా."

"ఏం పెట్టెలు?"

"కేకు పెట్టెలు."

"మురికినీళ్లలో దిగావా? ఎలుకలున్న చోట ఏమైనా పని చేశావా?"

"మా వీధిలో ఎలుకలు లేవమ్మా."

నేను నోరు తెరవబోయాను. మామ చూసిన చూపుకి మూసుకున్నాను. నా నోరు మూయించిన మొదటి మనిషి ఆయనే.

"మూత్రం తగ్గిపోయింది," అంది డాక్టరమ్మ. "కారణం తెలిస్తే సరైన మందు ఇప్పుడే మొదలెడతాను. ఆలస్యమైతే కిడ్నీలు పోతాయి, మనిషీ పోతాడు."

మామ కళ్లు మూసుకున్నాడు. ప్రాణం పోతోంది, ఈయన బేకరీ పరువు కాస్తున్నాడు. ఆ బేకరీ నుంచి చూసిపోవడానికి ఒక్క పురుగూ రాలేదు.

నేను బయటికెళ్లి అత్తకి చెప్పాను. ఆమె చీటీ నా చేతిలో పెట్టి ఇంటికెళ్లింది. మంచం కింద పెట్టిన బోనులో ఎప్పటిలాగే ఒకటి పడి ఉంది. దాన్ని బోనుతో సహా గులాబీ పెట్టెలో పెట్టుకొచ్చి, నేరుగా డాక్టరమ్మ బల్లమీద దించింది.

"ఎవరిదమ్మా పుట్టినరోజు?" అంది నర్సు.

"బతికితే మా ఆయనదే," అని అత్త రిబ్బను లాగింది.

ఎలుక లేచి కూర్చుని మీసాలు దువ్వుకుంది. నర్సు బీరువా ఎక్కింది. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు, దింపడానికి నిచ్చెన తేవాల్సొచ్చింది.

"ఈయన పని ఇదమ్మా. బేకరీ వెనకాల కాలువలో ఉత్తకాళ్లతో దిగి పట్టుకొస్తాడు. చెబితే వాళ్ల పరువు పోతుందట."

"ఎలుక ఉచ్చ కలిసిన నీళ్లు ఆ పగుళ్లలోంచి ఎక్కాయన్నమాట," అంది డాక్టరమ్మ, అప్పటికే సూదిమందు పేరు రాస్తూ. "మీ వీధిలో ఇంకెవరికైనా ఈ జ్వరముందా?"

అత్త మామ వంక చూసింది. మామ గోడ వంక చూశాడు.

"బేకరీలో పిండి పిసికే అమ్మాయికి," అన్నాడు చివరికి. "మేడమీద ముసలాయనకి." అలా ఒక్కో గుమ్మమే చెప్పుకుంటూ పోయాడు. పిక్కల నొప్పికంటే ఆ చెప్పడమే ఎక్కువ బాధపెట్టినట్టుంది.

ఆరోగ్యశాఖవాళ్లు వచ్చి తలుపులు కొడితే వీధి వీధంతా ఒకే పాట పాడింది. ఎలుకలా, మా ఇంట్లోనా, పక్కింట్లో అడగండి. అయినా పిండి అమ్మాయినీ ముసలాయన్నీ ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఇద్దరూ బతికారు. కాలువ మాత్రం అలాగే పొంగుతోంది.

మామ మంచం దిగడానికి చాలా రోజులు పట్టింది. దిగిన తర్వాత అత్త కొనిచ్చిన రబ్బరు బూట్లు తొడుక్కుని, బోను చేత్తోనే పట్టుకుని, జనం నిండుగా ఉన్న వేళ బేకరీ ముందు తలుపులోంచే లోపలికెళ్లాడు.

"పెట్టె ఏదయ్యా?" అన్నాడు ఓనరు, నవ్వుతున్నట్టు పళ్లు బిగించి.

"డాక్టరమ్మ దగ్గరుండిపోయింది సార్. కాలువ బాగుచేయించేదాకా కొత్తది పుచ్చుకోవద్దంది మా ఆవిడ."

కొనడానికొచ్చినవాళ్లు చేతుల్లోని బన్నుల్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. మామ గాజు బీరువా మీద, కేకులకి సరిగ్గా పైన, బోను దించాడు.

"ఇవాళ ఎక్కడ పెట్టమంటారు సార్, ఎప్పుడూ పెట్టే చోటేనా?" అని అందరికీ వినబడేలా అడిగాడు.